గట్లును గుట్టలును తేనెటీగలును

(జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)

 

రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపములు, మంచినీటి కుళాయిలు మొదలగు పనులు మీ యెదుట పెక్కులున్నవి. వాని నడుమ తేనెటీగలను గూర్చియు, తుమ్మెదలను గూర్చియు మాటలాడుటకు మేము వచ్చితిమన్న కొందరికి నవ్వు రావచ్చును. అయినను ఇది వినోదమునకు సంబంధించిన విషయము కాదు. మీ గ్రామములో బీరపాదు కాయుటకును, వంగతోట పిందె పట్టుటకును సంబంధించినది. అంతకంటె ముఖ్యముగా, పంచాయతీ తలచుకొనిన నిలుపగలిగినదియు, పంచాయతీ ఏమరినచో ఒక్క పూటలో పోవునదియు అగు కొంత భూమికి సంబంధించినది.

పూవు పూచినంత మాత్రమున కాయ కాదు. పూవులోని మగ భాగమునందలి పుప్పొడి ఆడ భాగముపైకి చేరవలయును. దీనినే పరాగ సంపర్కమందురు. వరి పూవు ఈ పనిని తనలో తానే ముగించుకొనును. మొక్కజొన్నకు గాలి చేసిపెట్టును. కావున ఈ రెండు పైరులే పెరుగుచున్న చోట ఈగయొక్క అవసరము రైతునకు తోపదు. బీర, సొర, దోస, కాకర, గుమ్మడి మొదలగు తీగజాతుల సంగతి అట్లు కాదు. వీనియందు ఆడపూవు వేరు, మగపూవు వేరు. ఆడపూవు క్రింద చిన్న పిందె ముందే కనబడును. పుప్పొడి దానికి చేరనిచో ఆ పిందె నాలుగు దినములలో పసుపెక్కి రాలిపోవును. పిందె రాలినపుడు మనము తెగులనుకొందుము, నీటి యెద్దడి యనుకొందుము, మందుల దుకాణమునకు పోవుదుము. అవియును కారణములు కావచ్చును. కాని ఆ పూటకు ఈగ రాకపోవుటయు ఒక కారణమే యని తోచువారు తక్కువ. సొరపూవు తెల్లనిది, సందెవేళ విచ్చును. దానిని వెదకికొని వచ్చునవి రాత్రి తిరుగు రెక్కల పురుగులు. బీరపూవు కూడ సాయంకాలమే విచ్చును. పగటివేళ తోటలో నిలబడి, ఈగలు లేవని గాని ఉన్నవని గాని తీర్పు చెప్పుట ఈ పాదుల విషయమున చెల్లదు.

ఇక వంగ పూవును ఒక్కసారి దగ్గరగా పరిశీలించుడు. దాని నడుమ పసుపుపచ్చని గొట్టముల వంటి కేసరములుండును. పుప్పొడి ఆ గొట్టముల లోపల నుండును. గొట్టముయొక్క కొనయందు సన్నని రంధ్రము మాత్రమే కలదు. మూతి సన్నని సీసాలోని పిండిని కుదిపిన గాని రాలదు గదా, ఇదియును అంతే. గాలికి కొంత రాలును. బాగుగా రాల్చునవి తుమ్మెదయు, నీలి చారలు గల ఒక జాతి ఈగయు. ఇవి పూవును కాళ్లతో పట్టుకొని, రెక్కలు ఆడింపకయే ఒడలిని అదరించును. ఆ అదరుపాటునకు పుప్పొడి జలజల రాలును. ఉదయము వంగతోటలో నిలబడి చెవియొగ్గి వినుడు. ఎగురుచున్నపుడు తుమ్మెద చేయు ఝంకారము వేరు, పూవుపై వ్రాలినపుడు చేయు ఝంకారము వేరు. ఈ రెండవ నాదము వినబడిన తోటలో పని జరుగుచున్నట్లు. టమాటా పూవు విషయమును ఇట్లే. చెప్పదగిన విశేషమేమనగా, తేనెటీగకు ఈ విద్య రాదు. కావున తోట ప్రక్కన తేనెటీగల పెట్టెలు ఎన్ని ఉంచినను వంగకు తుమ్మెద చేయు మేలు కలుగదు.

ఈ తుమ్మెద యెచట నివసించును? ఎండిన మ్రోడులలో, వెదురు బొంగులలో, పాత ఇండ్ల దూలములలో తొలుచుకొని నివసించును. నీలి చారల ఈగ మట్టిగోడలలోను, వాగు గట్లలోను బొరియలు చేయును. మరి వంగతోట లేని నెలలలో ఇవి యేమి తినును? ఇచట మనకు బాగుగా తెలిసిన ఒక మొక్క ప్రసక్తి వచ్చుచున్నది. అది తంగేడు. తంగేడు మన రాష్ట్ర పుష్పము, బతుకమ్మకు ప్రాణము. దాని పూవులో తేనె లేదు, పుప్పొడి మాత్రమే కలదు. ఆ పుప్పొడి కూడ వంగ పూవులో వలెనే కొన రంధ్రము గల గొట్టములలో నుండును. వంగపూవును అదరించు తుమ్మెదయే తంగేడును అదరించి తన పిల్లలకు మేత సంపాదించుకొనును. తంగేడు ఎవరును విత్తునది కాదు, ఎవరును నీరు పెట్టునది కాదు. గుట్ట వాలులలో, చెలక గట్లపై, బంచరాయి భూములలో తనంత తాను పెరుగును. పండుగనాడు తంగేడు కొరకు పిల్లలు పొరుగూరి గుట్టవరకు నడువవలసి వచ్చుచున్న గ్రామములున్నవి. బజారులో కొనవలసి వచ్చుచున్న గ్రామములును ఉన్నవి. అట్టి గ్రామములో వంగతోటకు వచ్చు తుమ్మెదకు మేత తరిగిపోయినదని ఊహించుట తప్పు కాదు. ఆడపడుచుల కష్టము వేరు, తుమ్మెద కష్టము వేరు అని మేమనుకొనుట లేదు.

కంది విషయము కొంచెము వేరు. కందిపూవు చాలమట్టుకు తన పుప్పొడితోనే గింజ కట్టును. అయినను ఆకుకత్తెర ఈగ, పెద్ద తేనెటీగ వంటివి దానిపై వ్రాలి, రెక్కలు విప్పి, ఒక మొక్క పుప్పొడిని మరొక మొక్కకు చేర్చును. ఆకుకత్తెర ఈగను మీరు చూచియుండకపోవచ్చును గాని దాని పనిని చూచియే యుందురు. గులాబి ఆకుల అంచులలో కత్తిరించినట్లు గుండ్రని ముక్కలు పోయి కనబడును గదా! అది తెగులు కాదు. ఆ ఈగ తన గూటికి ఆకుముక్కలను గోడలుగా అమర్చుకొనుటకు కత్తిరించినది. దానికి మందు కొట్టుట వ్యర్థము.

ఈ ఈగల పనిని ఆధారము చేసికొనియే కందిలో ఒక పెద్ద ప్రయత్నము జరిగినది. హైదరాబాదు చేరువ పటాన్‌చెరు వద్ద 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో కె. బి. సక్సేనా మొదలగు శాస్త్రజ్ఞులు సంకర కంది రకములను సాధించిరి. ఐ.సి.పి.హెచ్. 2671, మన తెలంగాణలో మన్నెంకొండ కంది యను పేర విడుదలయైన ఐ.సి.పి.హెచ్. 2740 అట్టివి. ఈ విత్తనము తయారగుటకు పుప్పొడి లేని మొక్కల వరుసల ప్రక్కన పుప్పొడి గల మొక్కల వరుసలు నాటుదురు. ఒక వరుసనుండి మరొక వరుసకు పుప్పొడిని మోయునది మనుష్యుడు కాడు. కూలి యడుగని ఈగయే. చుట్టుప్రక్కల ఈగలు లేని చోట ఈ విత్తనపు పంట పండదు.

ఈగ పనిని మనుష్యుడే చేయరాదా యని మీరడుగవచ్చును. చేయవచ్చును. గద్వాల ప్రాంతములో సంకర ప్రత్తి విత్తనము కొరకు ఒక్కొక్క మొగ్గను చేతితో విప్పి, మరుసటి ఉదయము పుప్పొడిని చేతితో అద్దుచున్నారు. సూరతులో సి. టి. పటేల్ 1970లో తొలి సంకర ప్రత్తిని విడుదల చేసిన నాటినుండి దేశములో ఈ పద్ధతి నడచుచున్నది. విత్తనపు ధర హెచ్చు గనుక ఆ కూలి గిట్టుబాటగుచున్నది. చైనాలో సిచువాన్ రాష్ట్రమునందలి హన్యువాన్ ప్రాంతమున బేరిపండ్ల తోటలలో రైతులు చెట్లెక్కి కుంచెలతో పూవు పూవునకు పుప్పొడి అద్దుచుండిరి. అచట మందుల వాడకము మితిమీరుటయు, తమలో తాము ఫలింపని రకములనే నాటుటయు రెండును కారణములు. కిలో బీరకాయలకు మనకు వచ్చు ధరలో అట్టి కూలి యెక్కడ గిట్టును?

అడవి మాటయు రెండు ముక్కలలో చెప్పెదము. ఇప్పచెట్టు రాత్రివేళ పూయును, దాని పూలకు వచ్చునవి గబ్బిలములు. ఇప్పపూవు ఏరుకొను కుటుంబములకు పెద్ద గబ్బిలము దయ్యము కాదు, సహాయకారి. సీతాఫలపు పూవులోనికి దూరి పని చేయునవి నువ్వుగింజకంటె పెద్దవి కాని పెంకు పురుగులు. మామిడిపూతకు ఈగలతోపాటు సామాన్యమైన జోరీగల వంటివి కూడ ఎంతో సాయపడును. పరాగ సంపర్కమనగా తేనెటీగ యొక్కటే యను భ్రమ మనకు వలదు. ప్రపంచమున ఇరువదివేల జాతుల ఈగలు కలవు, మన దేశములోనే ఏడు వందలకు పైబడి కలవు. వానిలో తేనె కూడబెట్టునవి వ్రేళ్లమీద లెక్కింపదగినవే.

ఇక మన మూడు జిల్లాల సంగతికి వత్తము. ఈ మూడును 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. 2019లో భూపాలపల్లినుండి ములుగు వేరయినది. పటముపై చూచిన నైరృతిన జనగామ, దక్షిణమున మహబూబాబాద్, ఈశాన్యమున గోదావరి వరకు భూపాలపల్లి. జనగామ మెరక నేల. చెలకలు, రాతిగుట్టలు, వర్షము తక్కువ. మహబూబాబాదులో మిరప, ప్రత్తి చేల ప్రక్కనే గూడూరు, కొత్తగూడ, గంగారము వైపు అడవి మొదలగును. భూపాలపల్లిలో అడవి హెచ్చు, దాని నడుమ సింగరేణి గనులు. ఒక్క దినములో బస్సుపై ప్రయాణము చేసిన మనుష్యుడు అడవి లేని చోటునుండి అడవి గల చోటి వరకు అన్ని అంతస్తులును చూడవచ్చును. అడవి ముక్కలుగా విడిపోయిన పల్లెసీమలలో ఈగలు ఎట్లు బ్రతుకుచున్నవో పరిశీలింపగోరు వారికి ఇంతకంటె తగిన ప్రదేశము దొరకుట అరుదు.

ముక్కలగుట యనగా నేమి? ఒకనాడు గుట్ట, కంచ, చెలక గట్టు, చెరువుకట్ట, వాగు ఒడ్డు, అడవి అంచు ఒకదానితో నొకటి కలిసియుండెడివి. నేడు వాని నడుమ పూవు లేని వెడల్పైన బయలు ఏర్పడినది. జనగామ మెరకకు దేవాదుల ఎత్తిపోతల నీరు వచ్చినది. 2004లో మొదలైన ఆ పథకము వలన బీడు భూమి పచ్చబడినది. అందులకు సంతోషింపనివారెవరు? మేమును సంతోషించుచున్నాము. కాని నువ్వులు, కందులు, కుసుమలు, ఉలవలు పూచిన చెలకలు వరిమడులైనపుడు ఈగకు అది ఎడారితో సమానము. గట్లు సన్నగిల్లినవి. మిగిలిన గట్టుపైని తుమ్మిని, గడ్డిచామంతిని గడ్డిమందు మాడ్చివేయుచున్నది. మహబూబాబాద్ గుట్టలు కొన్ని గ్రానైటు రాయికై తరలిపోయినవి. పెద్ద తేనెటీగ పట్టు పెట్టునది అట్టి రాతి చరియలకే.

పెద్ద తేనెటీగ కొన్ని కిలోమీటర్లు ఎగురగలదు. తొర్రలలో పట్టు పెట్టు దేశవాళీ ఈగ సాధారణముగా కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపల తిరుగును. చిన్న ఈగలు కొన్ని వందల మీటర్లకు మించి పోజాలవు. అనగా మీ తోటకు మూడు వందల మీటర్ల లోపల పూవును గూడును లేనిచో చిన్న ఈగకు మీ తోట లేనట్లే. అర ఎకరము బంచరాయి, నాలుగు గజముల వెడల్పు చెరువుకట్ట, ఊరి చివరనున్న మోడువారిన చింతమ్రాను ఇవి మనకు అక్కరలేని చెత్తగా కనబడవచ్చును. ఎగిరిపోవువానికి ఇవి నది నడుమ దాటుబండల వంటివి.

ఇది ఊహ మాత్రమే కాదు. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశములో ఒక కాఫీ తోటలో జరిపిన పరిశోధన 2004లో వెలువడినది. అడవికి కిలోమీటరు లోపలనున్న మొక్కలు దూరపు మొక్కలకంటె సుమారు 20 శాతము హెచ్చుగా కాచినట్లు అందు తేలినది. కలకత్తా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2011లో మన దేశపు కూరగాయల దిగుబడి లెక్కలను పరిశీలించిరి. ఈగల అవసరము లేని పంటల దిగుబడి పెరిగినట్లు ఈగలపై ఆధారపడు పంటల దిగుబడి పెరుగుట లేదని వారు చూపిరి. మన తెలుగువారిలోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు సి. సుబ్బారెడ్డి, ఆ పిదప ఎ. జె. సాలమన్ రాజు తూర్పు కనుమల చెట్లకు ఏ జీవులు పరాగ సంపర్కము చేయుచున్నవో దశాబ్దముల తరబడి శోధించిరి. అయినను కాఫీ తోటలో తేలిన లెక్క మిరపచేనికి వర్తింపదు. తూర్పు కనుమల లెక్క జనగామ చెలకకు వర్తింపదు. ఎచటి లెక్కను అచటనే తీయవలయును. అందుకే విశ్వవిద్యాలయములును పరిశోధనా సంస్థలును నేడు ఇట్టి పల్లెసీమలలో తిరిగి లెక్కలు తీయుటకు ప్రత్యేకముగా పరిశోధకులను నియమించుచున్నవి.

అట్టి యువకుడో యువతియో మీ గ్రామమునకు వచ్చినపుడు చూచువారికి వింతగా నుండును. చేతిలో వల, సంచిలో పసుపు, తెలుపు, నీలి రంగుల గిన్నెలు, మెడలో గడియారము. పొలము గట్టున గిన్నెలలో సబ్బు నీరు పోసి యుంచుట మంత్రము కాదు. ఆ రంగులను పూలనుకొని వ్రాలిన పురుగులను లెక్కించుట కొరకు. ఒకే గట్టు వెంట ఒకే కాలవ్యవధిలో మెల్లగా నడచి, ఎన్ని ఈగలు ఏ పూవుపై వ్రాలినవో వ్రాసికొనుట నేలను కొలచుట కాదు. ఈ రెండవ సంశయము మన గ్రామములలో త్వరగా పుట్టును. భూమి తగాదాలున్న చోట కొలత యన్న గుండె ఝల్లుమనుట సహజము. ముందుగా పంచాయతీ చాటింపు వేయించిన ఆ భయము తొలగును.

వారు చేయు పరీక్షలలో అన్నింటికంటె ఉపయోగమైనది ఒకటి కలదు. బీరపాదులో కొన్ని ఆడపూలకు విచ్చకముందే సన్నని గుడ్డసంచి కట్టుదురు. కొన్నింటిని ఊరకనే విడుతురు. మరికొన్నింటికి తమ చేతితో పుప్పొడి అద్దుదురు. పది దినముల తరువాత ఏ గుంపులో ఎన్ని పిందెలు నిలిచినవో లెక్కింతురు. సంచి కట్టినవి రాలిపోవును. చేతితో అద్దినవి నిలుచును. ఊరక విడిచినవి చేతితో అద్దిన వానితో సమానముగా నిలిచిన ఆ తోటకు ఈగలు చాలినన్ని యున్నట్లు. వానికంటె తక్కువగా నిలిచిన ఎంత తక్కువయో అంత మేర రైతు ప్రతి సంవత్సరము తెలియకయే నష్టపోవుచున్నట్లు. ఈ పరీక్షకు ప్రయోగశాల యక్కరలేదు. మీ పాఠశాల తోటలో పిల్లలు కూడ చేయవచ్చును.

పరిశోధకునికి దారి చూపుట మర్యాద. అయితే మర్యాదతోపాటు మీకు హక్కులును కలవు. ఎవరి పక్షమున వచ్చిరి, ఏమి తీసికొనిపోవుదురు అని అడిగి, ఉత్తరము చూడుడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము విదేశీయులు మన జీవసంపదను పరిశోధనకు తీసికొనుటకు జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి పొందవలయును. అడవిలో తిరుగుటకు అటవీశాఖ అనుమతి వలయును. తేనె చెట్ల జాడ తెలిసిన కోయ, నాయకపోడు పెద్దలను వెంట తీసికొనిపోయిన వారికి కూలి ముట్టవలయును, వారి అనుమతి లేక ఆ చెట్ల జాడ అచ్చున పడరాదు. తేలిన ఫలితమును తెలుగులో వ్రాసి గ్రామసభలో చదివి వినిపింపవలెనని ముందే కోరుడు. ఏడాదిపాటు మన గట్లపై నడచి, ఫలితము ఎక్కడనో పరభాషా పత్రికలో అచ్చయి, మన గ్రామమునకు ఒక్క కాగితమైనను రాకుండుట న్యాయము కాదు.

పరిశోధన ముగియువరకు మనము చేతులు ముడుచుకొని యుండవలసిన పని లేదు. లెక్క తీయువాడు వచ్చునప్పటికి లెక్కింపదగినది మిగిలి యుండవలయును గదా! 2021-22లో నల్ల తామర పురుగు మిరపతోటలపై పడినపుడు మహబూబాబాద్, వరంగల్లు, ఖమ్మము రైతులు పడిన కష్టము మీరెరుగుదురు. ఆ పురుగు పూవులలోనే నివసించును గనుక మందు పూవులపైననే పడినది. ఒకదాని వెంట నొకటి ఎన్ని మందులు కొట్టిరో, ఎంత అప్పు చేసిరో మీకు చెప్పనక్కరలేదు. అట్టి ఆపదలో ఈగను తలపుము అని రైతుతో చెప్పుట మా నోట రాదు. కాని మామూలు దినములలో, పూవు విచ్చియున్న వేళ మందు కొట్టకుండుట ఖర్చు లేని పని. నువ్వులకు, కందికి, ప్రత్తికి సందెవేళ కొట్టుట మేలు. బీర, సొర పాదులకు ఆ నియమము చెల్లదు, వాని పూవులు సందెవేళనే విచ్చును. గట్లమీద గడ్డిమందు బదులు కొడవలి వాడిన పశువులకు మేతయు దక్కును.

నీళ్ల ట్యాంకుల సంగతి మీకు నిత్యానుభవము. ట్యాంకు క్రింద పెద్ద తేనెటీగ పట్టు పెట్టగానే సర్పంచి యింటికి జనము వత్తురు. వెంటనే రాత్రివేళ గుడ్డలు చుట్టిన కర్రతో పట్టును తగులబెట్టింతురు. భయము అకారణమైనది కాదు. ఈ ఈగలు రేగిన ప్రాణాపాయము కలుగును. బడి, ఆసుపత్రి మీద పట్టు పెట్టిన తొలగింపవలసినదే, తెలిసినవారిచే పొగతో తొలగింపవలయును, మంటతో కాదు. అయితే ఈ ఈగలు ఒకచోట స్థిరముగా నుండునవి కావు. పూత కాలము ముగియగానే తమంత తామే వలస పోవును. ఊరికి దూరముగానున్న ట్యాంకైనచో నిచ్చెన మొదట ముళ్లకంప పెట్టించి, బోర్డు వ్రాయించి, కొన్ని వారములు ఓపిక పట్టిన సరిపోవును. తేనె దీయువారు కూడ పట్టునంతయు కోయక, తేనె గల భాగమును మాత్రము కోసి, పిల్లలున్న భాగమును విడిచిన మరల అదే పట్టు నుండి తేనె వచ్చునని గిరిజన ప్రాంతములలో నేర్పుచున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టములో తేనెయు మైనమును చిన్నతరహా అటవీ ఫలసాయముగా పేర్కొనబడినవి. వానిపై అడవి బిడ్డల హక్కు చట్టబద్ధమైనది.

తేనెటీగల పెట్టెలు పంచిన చాలునను మాట తరచుగ వినుచున్నాము. అది ఆదాయమునకు మంచి వృత్తి. ఉన్న పూవులకు మించి పెట్టెలు ఉంచిన మాత్రము ఈగలకే తిండి చాలదు. 1991-92 ప్రాంతమున దక్షిణ దేశములో ఒక వైరసు వ్యాధి వ్యాపించి దేశవాళీ ఈగల పెట్టెలు విస్తారముగా పాడైనవి. ఒకే జాతిని నమ్ముకొనిన చోట అట్టి ప్రమాదము పొంచియుండును.

2018 పంచాయతీరాజ్ చట్టము ననుసరించి ప్రతి గ్రామమునకు నర్సరీ కలదు. అందు పెంచు మొక్కల పట్టికను ఈ సంవత్సరము తేనెటీగ కన్నులతో ఒకసారి చూడుడు. మోదుగ మాఘ ఫాల్గుణములలో పూయును. వేప, కానుగ, నేరేడు ఎండకాలములో ఒకదాని వెంట నొకటి పూయును. చింత వాని తరువాత. వానకాలము తుమ్మి, ఆ పిదప తంగేడు. సంవత్సరములో ఏ నెలయు పూవు లేక గడువని విధముగా ఎన్నుకొనవలయును. తంగేడు గింజలు పాఠశాల పిల్లలచే ఏరించి చెరువుకట్ట వాలులో చల్లించుట సుళువు. ఉపాధి పనులలో కట్టపైని పొదలు నరికింపవలసి వచ్చినపుడు కట్టకు చేటు చేయు చెట్ల వ్రేళ్లను తొలగించుట అవసరమే. గట్టు మొదటనున్న చిన్న పూల మొక్కలను కూడ గోకివేయుట అవసరము కాదు. కొలతపుస్తకములో ఆ భేదమును పని చేయించు మేటు ముందే గుర్తించునట్లు మీరు చెప్పవలయును.

చివరిగా ఒక దస్త్రము మాట. జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలయును, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయవలయును. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా విధించుటచే ఇవి దేశమంతట త్వరత్వరగా వ్రాయబడినవి. మీ రిజిస్టరును బీరువానుండి తీయించి, పురుగుల పుట తెరువుడు. అచట తేనెటీగ యని ఒక్క మాట మాత్రమే యున్నచో, తేనె దీయువానిని, కూరగాయలు పండించు స్త్రీలను, మేకల కాపరిని పిలిచి కూర్చుండబెట్టుడు. గ్రామములో ఏ గుట్టకు, ఏ చెట్టుకు, ఏ నెలలో ఏ ఈగ పట్టు పెట్టునో వారికి తెలియును. ఏ పేరుతో వారు పిలుచుచున్నారో ఆ పేరుతోనే వ్రాయించుడు. శాస్త్రనామము తరువాత వచ్చు పరిశోధకుడు చేర్చుకొనును. మోదుగ పూచు నెలలో ఒకసారి, బతుకమ్మకు ముందు ఒకసారి ఈ పని పెట్టుకొనిన సంవత్సరపు లెక్కకు మొదలు పడును.